గుండ్లా, బద్దలా?

మా అత్త ఇక లేదని షెడ్డు గేటు దగ్గర తెలిసింది. రెండు రోజుల క్రితం కూతురిని చూడ్డానికి శ్రీకూర్మం వెళ్లింది. అక్కడి నుంచి ఫోన్ వచ్చిందట. మేస్త్రి తాళం తీస్తూ, "ముసల్ది పోనాదటే. ఆ పీట ఖాళీ," అన్నాడు. రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అనేశాడు. వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. లోపలికి వెళ్లి పిక్కలు కొట్టాను.

అత్త అంటే చుట్టం కాదు. జీడిపిక్కల షెడ్డులో నా పక్క పీట ఆమెది, ఇంటి దగ్గర నా పక్క గది ఆమెది. పిక్క కొట్టి పప్పు తీయడం మా పని. పప్పు సాంతంగా వస్తే గుండు, విరిగితే బద్ద. గుండ్లకు ఒక రేటు, బద్దలకు అందులో సగం.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఈ రాస్తున్న నాలుగు ముక్కలూ నా కూతురి పుస్తకాలు ఎవరూ చూడకుండా చదువుకుని నేర్చినవి. గుణకారం మాత్రం అలా రాలేదు. పిల్ల మూడో తరగతికి వచ్చాక లెక్కల నోటు తెరిస్తే నా చేతులు చల్లబడేవి. ఒక సాయంత్రం లెక్క చెప్పమని అడిగితే, రాదని ఒప్పుకోలేక దాని వీపు మీద ఒకటి వేశాను. గోడ అవతల నుంచి అత్త వచ్చింది.

"గుంటనెందుకే కొడతన్నావు? నాకు రాదని సెప్పు. సెప్తే నోరు పడిపోతాదేటి?"

ఆమెకు అక్షరం రాదు. నలభై ఏళ్లు తూకం దగ్గర నిలబడి లెక్క నేర్చుకున్న మనిషి. చింతపిక్కలు తెచ్చి గచ్చు మీద వరసలుగా పేర్చింది. ఒక్కో వరస ఒక్కో రోజు.

"రోజు మారతాది, కూలి మారదు. అదేనే గుణకారం."

ఆ రోజు నుంచి నా కూతురితో పాటు నేనూ ఆ గచ్చు మీద కూర్చున్నాను. నోటుకు తన వేళ్ల జీడి నలుపు అంటుతుందని అత్త ఎప్పుడూ కాగితం ముట్టుకునేది కాదు. పిక్కల్ని గోరుతో జరిపేది. పిల్ల తప్పు చెబితే వరసను చెరిపేసి, "మల్లీ పేర్సు, తొందరేటి," అనేది. నేను తప్పు చెబితే మాత్రం నవ్వేది.

ఒకసారి టీచరమ్మ మా పిల్లల కోసం తనే ఒక లెక్క కల్పించి ఇచ్చింది. కిలో జీడిపప్పు తీస్తే ఇరవై రూపాయలు. రోజుకు ఎనిమిది కిలోలు తీస్తే ఆరు రోజులకు ఎంత సంపాదన? నా కూతురు జవాబు రాయలేదు. కింద "గుండ్లా, బద్దలా?" అని రాసింది. టీచరమ్మ ఎర్ర సిరాతో "ప్రశ్న సరిగా చదువు" అని రాసి పంపింది. అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది.

"అన్నీ గుండ్లే అనుకో అమ్మా. బుక్కులో పప్పు ఇరగదు."

పేర్చారు. తొమ్మిదొందల అరవై వచ్చింది. పిల్ల అక్కడ ఆగలేదు. పక్కన ఇంకో మూడు పిక్కలు పెట్టింది.

"నానూ వస్తే రోజుకి మూడు కిలోలు తీస్తాను కదా. మూడిరవైలు అరవై. ఆరు రోజులకి మూడొందల అరవై. ఎక్కువొస్తాది కదమ్మా?"

నాకు ఒళ్లు జల్లుమంది. పిల్ల అన్న మాటకు కాదు. మూడొందల అరవై అనగానే ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. అందుకు.

అత్త నవ్వలేదు. "మా అమ్మ కూడా ఇదే లెక్క సేసినాది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు," అంది.

"లెక్క తప్పా మామ్మా?" అంది పిల్ల.

"తప్పు కాదే. అందుకే బయం."

అత్త పిల్ల బొటనవేలు పట్టుకుని పక్కన తన వేలు పెట్టింది. జీడి సొనకు అత్త పది వేళ్లూ నున్నగా అరిగిపోయాయి. పింఛను మిషను మీద ఏ వేలు పెట్టినా ముద్ర పడేది కాదు. ఎదురుగా నిలబడి ఉన్నా మనిషి లేదనేది మిషను.

"గీతలు సూడు. నీకున్నాయి. నాకేవీ?"

ఆమె పోయిన మూడో రోజు మేస్త్రి నా దగ్గరకొచ్చాడు. "బడికి సెలవులే కదా. నీ గుంటని ఆ పీట మీద కూకోబెట్టు. ఇంట్లో ఉండి ఏటి సేస్తాది?"

"సూస్తాను," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. కాదంటే నా పీట కూడా పోతుందేమోనని భయం. సరేనంటానేమోనని అంతకన్నా భయం.

ఇంటికి వచ్చేసరికి పిల్ల నోటు తెరిచి ఉంది. మళ్లీ ఆ మూడొందల అరవై లెక్కే చేసింది. పెన్ను కక్కిందేమో, అంకెల పక్కన నీలంగా బొటనవేలి ముద్ర పడింది. గీతలు ఒక్కటీ చెదరలేదు. లెక్క చెప్పడానికి నాకు అత్త కావాలి. గచ్చు మీద చింతపిక్కలే ఉన్నాయి.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. మేస్త్రి తూకం దగ్గర నుంచి చూసి, "గుంటేదే?" అన్నాడు.

"రాదు," అన్నాను. ఇంకేమైనా అంటే ఏడుస్తానని తెలిసి అక్కడితో ఆపేశాను.

నా అన్నం క్యారేజీ తీసి అత్త పీట మీద పెట్టాను. రోజూ అక్కడే పెడుతున్నాను. మేస్త్రి అటుగా వచ్చినప్పుడల్లా నా చేతిలో పప్పు విరిగి బద్దలవుతోంది. క్యారేజీ మాత్రం ఇంకా ఆ పీట మీదే ఉంది.