ఎరువుల దుకాణం పక్కన, ఎల్లారెడ్డి

పోస్టుమాన్ చేతిలో ఉండాల్సిన పార్సిల్ మా బావ చంకలో కనబడగానే నా గుట్టు బయటపడిందని అర్థమైంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చాడాయన. మా ఆయనకు అన్న. ఎల్లారెడ్డిలో మా ఇంటిని ఆనుకునే ఆయన ఎరువుల దుకాణం. చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి పార్సిల్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"ఎవడమ్మా ఈడు? బిచ్కుంద నుంచి నీకేం పంపుతుండు?"

పుస్తకం, అన్నాను.

రెండేళ్లుగా పోస్టులో పుస్తకాలు మార్చుకుంటున్నాను. నేను చదివేసినవి పంపితే, అవతలివాళ్లు తాము చదివేసినవి పంపుతారు. ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. నియమం ఒక్కటే: పుస్తకం అందిన నెల రోజుల్లో మరొకటి పంపాలి, లేదంటే జాబితాలోంచి పేరు తీసేస్తారు. బిచ్కుంద ఆయన రిటైరైన బడిపంతులు. అట్ట చిరిగిన పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితం అంటించి మరీ పంపుతాడు.

నేను పంపేవి మాత్రం కామారెడ్డి నుంచి పంపేదాన్ని. అక్కడ మా అమ్మగారిల్లు, నేను డిగ్రీ చదివిందీ అక్కడే. నెలకోసారి వెళ్లినప్పుడు పిల్లల బట్టల కింద పుస్తకాలు దాచుకుని పోయి, పోస్టులో వేసి వచ్చేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో డ్రైవరు. భర్త ఊళ్లో లేని ఆడది ఎవరెవరికో పార్సిళ్లు పంపుతోందని అంటారేమోనని భయం. పిల్లలు తుమ్మితేనే నిద్రపట్టని మనిషిని నేను.

దొరికిపోయింది నా తెలివితక్కువతనం వల్లే. మా వీధిలో ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండదు. అడ్రసంటే ఏదో ఒక దుకాణం పేరు. నేనూ అందరిలాగే 'ఎరువుల దుకాణం పక్కన' అని ఇచ్చాను. పాత పోస్టుమాన్ ఇంటికే తెచ్చిచ్చేవాడు. కొత్తగా వచ్చినాయన దుకాణం చూశాడు, దుకాణంలోనే ఇచ్చేశాడు.

"మొగోడు లేని ఇంటికి మొగోళ్ల పార్సిళ్లా? రేపటి సంది ఏదొచ్చినా వాపస్ పంపుమని పోస్టాఫీసుల చెప్పొస్త," అన్నాడు బావ.

అత్తమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "లోపల ఏమున్నదిరా?"

బావ పార్సిల్ చింపి చూశాడు. "పుస్తకమే. కథలు."

"కథలేనా! నీ మొకం జూసి ఏం బాంబో అనుకున్న. అన్నం సల్లారుతది, కూసో." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ, పిల్లల తల్లివి, నీకెందుకే గివన్ని?"

సాయంత్రం మా ఆయన ఫోన్ చేసేసరికి ఆయనకు అంతా తెలిసిపోయింది.

"అన్న చెప్పిండు. కొన్ని దినాలు బంద్ పెట్టరాదు? నలుగురు నాలుగు మాటలంటరు."

"నువ్వు గల్ఫ్ పోతుంటే గూడ నలుగురు నాలుగు మాటలన్నరు. ఆగినవా?"

"అది పొట్టకోసం పోవుడు గదనే."

"ఇది గూడ నాకు అసొంటిదే. నేను బంద్ పెట్ట."

"నీ ఇష్టం ఇగ," అని పెట్టేశాడు. ఒప్పుకున్నాడో, కోపమొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. పెళ్లయ్యాక ఆయన మాట కాదనడం అదే మొదలు.

గిన్నెలు కడిగి వచ్చి ఇంటి పన్ను రసీదు వెతికాను. మా ఇంటి నంబరు దాని మీద ఉంది. గ్రూపులో నా అడ్రసు మార్చాను: నా పేరు, ఇంటి నంబరు, ఎల్లారెడ్డి. దుకాణం లేదు. నా పేరు మీద వచ్చేది నా చేతికే ఇవ్వాలని పోస్టాఫీసుకు అర్జీ రాసి సంతకం పెట్టాను. పంతులుగారికి పంపాల్సిన పుస్తకం పొట్లం కట్టాను. భయం పోయిందని చెప్పను. భయపడుతూనే కట్టాను.

పొద్దున జడ వేస్తుంటే పాప పొట్లాన్ని చూసింది. "కామారెడ్డి పోతున్నమా అమ్మా?"

"లేదు. ఈడ్నే, మన పోస్టాఫీసుకు."

నాలుగేళ్ల బాబు వాళ్ల పెదనాన్న దుకాణం వైపు చూసి గొంతు తగ్గించాడు. "పెద్దబాపుకు చెప్పద్దు గదా?"

అలా గొంతు తగ్గించడం వాడికి నేర్పింది నేనే. ఆ క్షణంలో భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

"చెప్పుండ్రి," అన్నాను. "ఇద్దరు నా చెయ్యి పట్టుకోండ్రి. దుకాణం ముంగటికెల్లే పోదం. ఏడికి అని పెద్దబాపు అడిగితే, మా అమ్మ పుస్తకం పంపుతున్నది అని గట్టిగ చెప్పుండ్రి. మనం దొంగతనం చేస్తలేం."