సీరియల్ అయిపోయిన మర్నాడు

ఆ సీరియల్ ఆఖరి భాగం వచ్చిన రోజు వీధి వీధంతా టీవీల ముందుకు చేరింది. నలభై ఏళ్ళ కిందటి ఇల్లు, లాంతరు, రేడియో, ఒక్క దుప్పటి కోసం పోట్లాడుకునే పిల్లలు. నిజానికి అంత ముచ్చటగా ఎవరూ బతికిన పాపాన పోలేదు గానీ, సొంత ఇల్లు పోగొట్టుకున్నట్టు అందరూ ఏడ్చారు.

టైలరమ్మ బెంగ వేరు. భర్త పోయాక తన ఇంట్లో ఆవిడా, మిషనూ తప్ప ఎవరూ లేరు. జాకెట్లకు హుక్కులు కుట్టే పని సీరియల్ వేళకే అట్టేపెట్టుకునేది. ప్రకటనలు రాగానే చెల్లెలు ఫోన్ చేసేది మరి. అప్పుడెప్పుడో తల్లి జబ్బు పడితే, తగ్గిపోతుందిలే అనుకుని టైలరమ్మ చెల్లెలికి కబురు చేయలేదు; చెల్లెలు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. సీరియల్లో తల్లి కొంగు దోపుకునే తీరు అచ్చం అమ్మలాగే ఉందని ఒకరోజు ఉండబట్టలేక చెల్లెలే ఫోన్ చేసింది. అప్పట్నుంచీ సీరియల్లో కోడళ్ళను ఇద్దరూ కలిసి తెగ ఆడిపోసుకునేవారు. సొంత ఇళ్ళ ఊసు మాత్రం ఎత్తేవారు కాదు, పాత గొడవ లేస్తుందని. ఇక సీరియలే లేకపోతే ఏ వంకతో మాట్లాడుకుంటారు?

ఆఖరి భాగంలో తల్లి మంచం పట్టింది. కబురందుకున్న కూతురు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ప్రకటనలు వచ్చాయి. ఫోన్ మోగలేదు. ఎందుకు మోగలేదో టైలరమ్మకు తెలుసు. శుభం కార్డు పడేదాకా ఫోన్ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు అదే వేళకు ఎవరో కొత్తవాళ్ళు కొత్త ఇంట్లో కొట్లాడుకుంటున్నారు. టైలరమ్మ టీవీ కట్టేసింది. ఇంట్లో మనిషి అలికిడి లేదని అప్పుడే తెలిసినట్టు భయమేసింది. సిగ్గు విడిచి తనే ఫోన్ చేసింది.

"ఏంటక్కా, ఇవాళ ఏం లేదుగా?"

"ఊరికే చేశానే. ఎలా ఉన్నావు?"

"ఇప్పుడు బానే ఉన్నా. ఆపరేషన్ చేసిన చోట నొప్పి తగ్గింది."

"ఆపరేషనేంటే?"

"పోయిన నెల. గర్భసంచి తీసేశారు."

పోయిన నెలలో రెండు రోజులు ఫోన్ రాలేదు. కరెంటు పోయిందంటే టైలరమ్మ నమ్మింది. మూడో రోజు సీరియల్లో చిన్నకోడలు పుట్టింటికి వెళ్తుందా లేదా అని పందెం కూడా వేసుకుని నవ్వుకున్నారు. అంటే చెల్లెలు ఆస్పత్రి మంచం మీద పడుకునే అంత నవ్విందన్నమాట.

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"అమ్మ సంగతి నువ్వు నాకు చెప్పావా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"తప్పేనే. రేపు పొద్దున బస్సుకి వస్తున్నా" అంది టైలరమ్మ.

"ఇప్పుడొచ్చి ఏం చేస్తావక్కా, అంతా అయిపోయిందిగా" అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది.