సులైలో సైరన్ తీసేసిన పాట

గంగాధర్ పాటల్లో డప్పు పరుగెడుతుంది; బేస్ మాత్రం దానికి సగం వేగంతో, కడుపులో గుడగుడమన్నట్టు నెమ్మదిగా కదులుతుంది. డ్రమ్ అండ్ బేస్ అనే ఎలక్ట్రానిక్ సంగీతంలో ఈ పద్ధతి మామూలే గానీ, డప్పుతో చేసినవాణ్ణి నేనెక్కడా వినలేదు. అతని ఊరు జగిత్యాల దగ్గర, రియాద్‌లో ఏసీ మెకానిక్. కొత్త పాటకు డప్పు కొట్టాల్సిన లచ్చన్న కాక శనివారం ఎగ్జిట్ మీద, అంటే ఇక్కడి పని పూర్తిగా వదిలేసి, ఇంటికి వెళ్లిపోతున్నాడనీ, శుక్రవారం సెలవునాడు రికార్డు కాకపోతే ఇక పాట లేనట్టేననీ ఫోన్లో చెప్పాడు. జెద్దాలో కూర్చుంటే నాకు కాలు నిలుస్తుందా! గురువారం సాయంత్రమే బస్సెక్కేశాను.

పన్నెండు గంటల ప్రయాణం. విమానం కన్నా చవకే, నడుం మాత్రం మిగల్లేదు. పొద్దున బస్టాండులో ఎక్కిన టాక్సీ డ్రైవరు పాకిస్తానీ. రియాద్ శివారులో గంగాధర్ ఉండే సులైకి పోనిమ్మంటే, నన్ను ఎగాదిగా చూసి “సులై ఘూమ్‌నే కౌన్ జాతా హై భాయ్?” అని, సులైకి షికారుకెవరు వెళ్తారన్నట్టు నవ్వాడు. నిజమే, దారంతా గోదాములే.

కార్మికుల క్యాంపులో గంగాధర్ గది తలుపు తీయగానే తిట్లు వినిపించాయి. “డప్పును కూలర్ ముంగట పెట్టినవు రా? తోలు మెత్తబడ్డది, ఇగ ఏం మోగుతది?” అంటున్నాడు కాక గంగాధర్‌తో. రాత్రంతా నీళ్ల కూలర్ గాలికి డప్పు చెమ్మ పట్టిందట. ఊళ్లో అయితే గడ్డిమంట మీద కాచేవారు. క్యాంపులో మంట పెడితే ఇంకేమైనా ఉందా! చివరికి ఎండకు కాలిపోతున్న పికప్ బానెట్ మీద పెట్టాం. కాసేపటికి కాక వేలితో కొట్టి చూసి, “ఆఁ, గిప్పుడు పలుకుతున్నది” అన్నాడు.

రికార్డింగ్ మొదలైంది. డప్పు ఊపందుకోగానే గంగాధర్ ల్యాప్‌టాప్‌లోంచి బేస్ వదిలి, దానిమీద సైరన్ మోత ఎక్కించాడు. కాక చేతులు ఆగిపోయాయి. గల్ఫ్ యుద్ధంలో క్షిపణులు పడ్డప్పుడు ఆయన ఇదే రియాద్‌లో ఉన్నాడు. పాట ఇక్కడితో పోయిందనుకున్నాను.

“నీ యుద్ధం ముచ్చట కోసమే పెట్టిన కాకా. తీసెయ్యాల్నా?” అన్నాడు గంగాధర్.

“సైరన్‌కు గంత భయం గాలేదు బిడ్డా. అది ఆగినంక, బాంబు ఏడ పడ్తదోనని సప్పుడు జెయ్యకుండ కూసునేటోళ్లం. గదే పానం తీసింది.”

గంగాధర్ సైరన్ తీసేశాడు. ఆ చోట ఏమీ పెట్టలేదు. “అన్నీ ఆపుతున్న కాకా. నీకు ఎప్పుడు కొట్టబుద్ధయితే అప్పుడు కొట్టు” అన్నాడు. కాక పుల్ల ఎత్తాడు, దించలేదు. గదిలో ఎవ్వరం కదల్లేదు. ఆయన కొట్టేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

బేస్ విరుచుకుపడే ముందు అన్నీ ఒక్క క్షణం ఆపడం ఈ సంగీతంలో ఆనవాయితీ. ఇన్నేళ్లూ దాన్ని ఊరించడమే అనుకున్నాను. కాక ఊరికి చేరాడు, పాట బయటికొచ్చింది. వినబోయేవాళ్లకు ఒక్క సలహా: మధ్యలో శబ్దం ఆగితే ఫోన్ పాడైందనుకుని ముందుకు జరపకండి. అక్కడొక మనిషి తాను బతికే ఉన్నానా అని చూసుకుంటున్నాడు.