రొయ్యల ఐసుతో గట్టెక్కిన ద్రాక్ష

వైన్ వ్యాపారంలోకి దిగేముందు అన్నీ లెక్క కట్టుకున్నాను. కాలేజీలో నేర్చిన లెక్కలు కావు. చూసి, అడిగి, కాగితం మీద కూడుతూ తీసేస్తూ నేర్చుకున్నవే. మద్యనిషేధం ఎత్తేసిన కొన్నేళ్లకి, నరసాపురం దగ్గర మా చిన్న వైనరీ మొదలైంది. వాటాదారు మా బావమరిది. సరుకు అమ్ముడైనా కాకపోయినా లైసెన్సు ఫీజు ఏటా కట్టాల్సిందే. పండు ఇవాళ నగదిచ్చి కొంటే, దాని తాలూకు డబ్బు ఏడాది దాటాక గానీ చేతికి రాదు. సీసా ఖరీదు అందులో పోసే రసం కంటే ఎక్కువ. ఇవన్నీ తెలిసే దిగాను.

పండు దగ్గర మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను. లారీల్లో వచ్చే ద్రాక్షలో గుత్తి నుంచి రాలిపోయిన పళ్లు మార్కెట్లో చవగ్గా ఇచ్చేస్తారు. పిండేవాడికి గుత్తితో పనేంటి? ఏప్రిల్లో అలాంటివన్నీ పోగేసి, ఓ డెయిరీ వాళ్లు పాతదని అమ్మేసిన స్టీలు ట్యాంకు నింపాం. ఈస్టు వేసిన మర్నాటికే రసం బుసబుసా పొంగింది. మా బావమరిది ట్యాంకుకి చెవి ఆనించి, "బావా, లోపల పెళ్లివారు దిగారు!" అని గంతులేశాడు.

పులిసేటప్పుడు రసం తనంతట తానే వేడెక్కుతుంది. ముప్పై రెండు డిగ్రీలు దాటనివ్వకూడదు. మరీ పెరిగితే ఈస్టు చచ్చిపోయి, రసం సగంలో ఆగి పాడైపోతుంది. అందుకని కూలింగ్ మిషను పెట్టాం గానీ జనరేటరు కొనలేదు. వేసవిలో కరెంటు కోత రోజుకి రెండు గంటలు, ఆపాటిదానికి ట్యాంకు వేడెక్కదని నా లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోవడం ఆ లెక్కలో లేదు.

రసం పొంగిన మర్నాడు పొద్దున్నే అది పేలింది. లైన్‌మన్ వచ్చి చూసి, "కరెంటు రేపటికి రావచ్చండి" అన్నాడు. మధ్యాహ్నానికి థర్మామీటరు ముప్పై నాలుగు చూపించింది. మాకు ఇంకో ట్యాంకు లేదు. మళ్లీ పండు కొందామంటే బ్యాంకు అప్పులో మిగిలిందీ లేదు. ఇది పోతే వైనరీయే పోయినట్టు.

రోడ్డుకి అవతలే ఐసు ఫ్యాక్టరీ. ఇద్దరం పరిగెత్తాం. ఊక కప్పిన దిమ్మలు బోలెడున్నాయి గానీ, అన్నీ ఒకావిడ అప్పటికే కొనేసుకుంది. మొగల్తూరు వైపు రొయ్యలు కొని, భీమవరంలో వాటిని శుభ్రంచేసి ఎగుమతి చేసే ప్లాంటుకి అమ్ముతుందావిడ. రొయ్యల ట్రేల మధ్య స్టూలేసుకుని కూర్చుంది.

"సగం ఐసు మాకివ్వండమ్మా. ట్యాంకులో ద్రాక్షరసం మరిగిపోతోంది" అన్నాను.

"అయితే పొయ్యి మీంచి దింపండి."

"పొయ్యి లేదండీ. అదే మరుగుతుంది."

ఆవిడ కూలీల వైపు తిరిగి, "విన్నారేంట్రా? పొయ్యి లేకుండా వంటంట! మా ఇంటికి పంపండి బాబూ, గ్యాసు కలిసొస్తది" అంది. అందరూ నవ్వారు. అంత కంగారులోనూ నాకూ నవ్వొచ్చింది.

"మీ రొయ్యలు ఎందులో వెళ్తాయండీ?"

"లారీలో. ఊరూరా ఆగి, చీకటిపడ్డాక చేరుద్ది."

"మా వానులో అయితే గంటన్నర. అంతసేపటికి సగం ఐసు చాలు. మిగతా సగం ఎలాగూ దారిలో నీళ్లయిపోయేదే."

ఆవిడ ట్రేల వంక చూసింది. "మధ్యలో వాను ఆగిపోతేనో?"

"మా బావమరిదే తోలతాడు. ఆగితే భుజాన మోస్తాడు."

"బావా!" అన్నాడు వాడు.

"ఇయ్యాలొక్కరోజే అయితే ఒద్దండి. ఈ వారమంతా పంపాలి. ముందు సీటు నాది."

"కూర్చోండమ్మా. హారన్ కూడా మీరే కొట్టుకోండి."

వాను అటు వెళ్లగానే నేనూ ఇద్దరు పనివాళ్లూ దిమ్మలు పగలగొట్టి, గోనెసంచుల్లో నింపి ట్యాంకు చుట్టూ కట్టాం. ఏప్రిల్ ఎండలో చలికి మా పళ్లు టకటకలాడాయి. "లోపలే పడేద్దామండీ" అన్నాడొకడు. "నీళ్లమ్మడానికి లైసెన్సు వేరేనయ్యా" అన్నాను. చాలాసేపు ముప్పై నాలుగు కదల్లేదు. తర్వాత ముప్పై మూడున్నర. ఆ అర డిగ్రీకి ముగ్గురం లాటరీ తగిలినట్టు అరిచాం.

సాయంత్రం వాను హారన్ మోగించుకుంటూ వచ్చింది. నేను తడిబట్టలతోనే ఎదురెళ్లి, రొయ్యల కంపు కొడుతున్న మా బావమరిదిని వాటేసుకుని గిరగిరా తిప్పాను.

ఆవిడ తలుపు తీసుకుని దిగుతూ, "ఏంటండీ, మగపిల్లాడు పుట్టాడా?" అంది.

"ముప్పై ఒకటండీ! ముప్పై ఒకటికి దిగింది!"

తన ఐసు ఏమైందో చూస్తానని లోపలికొచ్చి, సంచులు తడిమింది. నురగతోనే ఓ గ్లాసు పట్టి ఇచ్చాను. తాగి మొహం చిట్లించింది.

"పులిసిన పానకంలా ఉంది. ఇది కొంటారంటారా?"

"కొంటారండీ. ఏడాది ఆగాలి."

"ఏడాదా! నా సరుకు ఏడాది ఆగితే ఊరు ఊరంతా ఖాళీ చేసెళ్లిపోద్ది." పకపకా నవ్వి గ్లాసు మళ్లీ చాపింది. "ఇంకొంచెం పొయ్యండి. రేపు పదింటికల్లా వాను తయారుగా ఉండాలి."