పేపర్ తాత కూర్చున్న జంపఖానా

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా వాడకట్టు మొత్తానికి పేపరు ఒక్కటే వచ్చేది. ఇంటికొకటి తెప్పించుకున్నా చదివే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మగ్గం మీద కూర్చున్న మనిషికి చేతులకు పని, కాళ్లకు పని, కళ్లు పోగుల మీద. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే. అందుకని సాయంత్రం పూట ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని గట్టిగా చదివితే, లోపల జంపఖానాలు నేసేవాళ్లు నేస్తూనే వినేవాళ్లు. మా వాడలో ఆ చదివే మనిషి మా బాపు.

ఆ పేపరు మట్టెవాడలో ఒక పాత మేడ కింద అచ్చయ్యేది. దాన్ని నడిపే పెద్దమనిషిని ఊరంతా పేపర్ తాత అనేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చొక్కా మీద ఎప్పుడూ ఒక సిరా మరక. పేపరు మీద వచ్చిన డబ్బంతా పిల్లల ఫీజులకూ దవాఖాన మందులకూ పోతుందని బాపు చెప్పేవాడు. గుడికి సున్నం వేయించినా ఫొటో దిగే పెద్దమనుషులున్న ఊళ్లో, ఆయన చేసిన సాయం ఆయన పేపర్లోనే ఏనాడూ రాలేదు. ఎందుకు వేసుకోవని ఎవరన్నా అడిగితే, "నా పేపర్ల జాగ లేదయ్యా" అని నవ్వేసేవాడట.

నేను ఎనిమిదో తరగతికి రాగానే బాపుకు దగ్గు పట్టుకుంది. ఛాతీ దవాఖానలో పడుకోబెట్టారు. మగ్గం అమ్మ మీద పడింది, మగ్గానికి నూలు కండెలు చుట్టే పని నా మీద పడింది. బడి మానేశాను. నన్నెవరూ మానమని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మా ఇళ్లల్లో ఆడపిల్ల బడి అట్లాగే ఆగిపోయేది, దీపంలో నూనె అయిపోయినట్టు.

సాయం అడగవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. మా అమ్మ సంగతి మీకు తెలియదు. అంతకు ముందు ఏడాది ఒక షావుకారు పద్మశాలి పిల్లలకు గౌన్లు పంచి, అందరినీ వేదిక మీద నిలబెట్టి ఫొటో తీయించాడు. పక్కింటి అక్క ఆ గౌను వేసుకుని బడికి వస్తే, పిల్లలు ఆ ఏడాదంతా దాన్ని 'పంచిన గౌను' అనే పిలిచారు. ఆ రోజు అమ్మ మగ్గం దిగి వచ్చి, "బట్ట నేసేటోళ్లం మనం. బట్ట కోసం చెయ్యి చాపుతమా?" అన్నది. ఆ తరువాత మా ఇంట్లో దానం అన్న మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేదు.

అట్లాంటి ఇంటికి ఒక పొద్దున పేపర్ తాత వచ్చాడు. బాపు ఎట్లా ఉన్నాడని అడిగాడు, మంచినీళ్లు తాగాడు, ఆ తరువాత నిష్ఠూరంగా మొదలుపెట్టాడు.

"బిడ్డా, నీ పెనిమిటి దవాఖానల పడ్డడు, నా పేపరు ఈ వాడల పడ్డది. చదివెటోడు లేడు. నా ముచ్చట జర ఆలోచించవా?"

ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

"నీ బిడ్డను పనికియ్యి. రోజూ పేపరు సదవాలె. ఏ వార్త అర్థం కాలేదని మనోళ్లు అంటరో, అది నాకొచ్చి చెప్పాలె. జీతం కింద బడి ఫీజు, పుస్తకాలు నేను సూసుకుంట. బడి మానితే మాత్రం పనికి రాదు. సదువు రానోళ్లతోని నా పేపరు సదివిస్తనా?"

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "పనేనా పెద్దయ్యా?" అని అడిగింది. "పనే" అన్నాడు. అంతే, నా బడి నాకు తిరిగొచ్చింది.

ఆ పని నేను ఎంత గర్వంగా చేశానో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. మొదట్లో నా గొంతు మగ్గాల చప్పుడులో మునిగిపోయేది. వినబడక వాళ్లు మగ్గం ఆపితే నేత వెనకబడుతుంది. మెల్లగా కిటుకు దొరికింది. మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే సందులో మాట వేయాలి. దెబ్బ పడేటప్పుడు ఊపిరి తీసుకోవాలి. ఇప్పటికీ నేను గట్టిగా చదివితే మధ్య మధ్యలో ఆగుతాను. మా మనవలు నన్ను బస్టాండులో అనౌన్స్‌మెంటు చెప్పే మనిషిలా చదువుతావని ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి.

బడి అయ్యాక మట్టెవాడ దాకా నడిచిపోయి, ఏది అర్థం కాలేదో తాతకు చెప్పేదాన్ని. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, నేనేదో కలెక్టరు అయినట్టు వినేవాడు.

ఒక రోజు బడిలో ఒక పిల్ల అందరి ముందూ అనేసింది. "పనీ లేదు, పాడూ లేదు. పేపర్ తాత నీకు దానం చేస్తాండు. మీ అమ్మ తీసుకోదని గట్ల చెప్పిండు. మా నాయిన చెప్పిండు నాకు." పని అనుకుని నేను నెత్తిన పెట్టుకున్నది 'పంచిన గౌను' అన్నమాట. అమ్మకు ఈ మాట చేరితే నన్ను బడి మాన్పిస్తుంది. చేరకపోయినా నాకే ఇక పోవాలని లేదు. పుస్తకాల సంచీ తిరిగి ఇచ్చేద్దామని ఏడుస్తూ ప్రెస్సుకు పోయాను.

తాత ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటర్ పక్కన నిలబడి ఉన్నాడు. నేను సంచీ బల్ల మీద పెట్టి, "ఇది పనా, దానమా? నిజం చెప్పు తాతా" అన్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు. అబద్ధం కూడా చెప్పలేదు. అప్పుడే తీసిన తడి ప్రూఫు ఒకటి నా ముందు పెట్టి, "సదువు" అన్నాడు.

అది నూలు సొసైటీ వాళ్ల ప్రకటన. రెండు రోజుల ముందు పేపర్లో వచ్చినప్పుడు "సభ్యులెల్లరూ గడువులోగా తమ పాసుపుస్తకములను సమర్పింపవలెను" అని ఏదో పెద్ద భాషలో ఉంది. మా వాడలో అది ఎవరికీ ఎక్కలేదు. కొందరు అది అప్పున్నవాళ్లకు మాత్రమే అనుకున్నారు. ఆ సంగతీ, ఎట్లా చెబితే వాళ్లకు అర్థమవుతుందో కూడా ముందటి రోజు నేనే వచ్చి తాతకు చెప్పాను. ఇప్పుడు ప్రూఫులో పెద్ద అక్షరాలతో ఇట్లా ఉంది: "మగ్గం ఉన్న ప్రతి ఒక్కరూ శనివారం లోపల పాసుపుస్తకం పట్టుకుని సొసైటీకి రండి. రాకుంటే ఈసారి నూలు దొరకదు." నేను చెప్పిన మాటలే. నా మాటలే.

"అచ్చుకు తయారుగున్న పేజీని ఇప్పి మళ్ల కూర్పిచ్చిన," అన్నాడు తాత. "నువ్వు చెప్పకుంటే మీ వాడల సగం మగ్గాలు ఆగుతుండె. నీ బడి ఆగొద్దనే మొదలు పెట్టిన, అబద్ధమెందుకు. కని నువ్వు దాన్ని పనే చేసినవ్. ఇగ దానమో పనో నువ్వే చెప్పు మనుమరాలా."

సంచీ భుజానికి వేసుకున్నాను. ఆ ప్రూఫు కూడా అడిగి తెచ్చుకుని, ఆ సాయంత్రం అరుగు మీద ఎన్నడూ లేనంత గట్టిగా చదివాను.

రాత్రి అన్నం తినేటప్పుడు ఉండబట్టలేక అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ ఉలిక్కిపడలేదు. "నాకు తెల్వదా బిడ్డా? ఆయన మొదటి దినం గడపల నిలబడ్డప్పుడే తెల్సు. కని చెయ్యి చాపుమనకుండ, చెయ్యిని పనికి అడిగిండు. గట్ల అడిగినోడు నాకు గిప్పటిదాంక ఒక్కడు కనవడలే" అన్నది. కళ్లు తుడుచుకుని మజ్జిగ పోసింది.

బాపు దవాఖాన నుంచి తిరిగి వచ్చిన నెలలో అమ్మ ఒక జంపఖానా నేసింది. ఎర్రంచు, మధ్యలో నీలం గళ్లు. దాన్ని నా చేత మోయించుకుని ప్రెస్సుకు తీసుకుపోయింది. నేను దారి పొడుగునా భయపడ్డాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోని మనిషి అని ఆయనకు పేరు. వద్దంటే అమ్మ ముఖం ఏమవుతుందో!

ఆయన వద్దనలేదు. ఎందుకమ్మా అనలేదు. అక్కడికక్కడే ప్రెస్సు నేల మీద పరిపించి, చెప్పులు విడిచి, దాని మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంచు మీద చెయ్యి పెట్టి నిమిరి, "మస్తుగున్నది బిడ్డా. గింత మంచిది నా ఇంట్ల లేదు" అన్నాడు. ఆ క్షణంలో మా అమ్మ వెన్ను నిటారుగా అయింది. ఆమె అంత పొడుగు మనిషి అని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆ పేపరూ లేదు. నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అపార్టుమెంటులో మెట్లు ఊడ్చే అమ్మాయి కూతురు రోజూ సాయంత్రం వచ్చి నాకు పేపరు చదివి పెడుతుంది. జీతం కింద దాని కాలేజీ ఫీజు. కంటి ఆపరేషను అయ్యాక నాకు చూపు బ్రహ్మాండంగా ఉన్న సంగతి వాళ్లకు చెప్పలేదు గానీ, ఆ పిల్ల చదివితే ముసలి చెవులకు హాయిగా ఉంటుందన్నది మాత్రం నిజం.

మొన్న ఆ పిల్ల తల్లి కొంగులో చింతచిగురు మూట కట్టుకుని వచ్చింది. ఊరి నుంచి తెచ్చిందట. "గివన్నీ ఎందుకమ్మా" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఎర్రంచు జంపఖానా కళ్ల ముందు పరుచుకుంది. నేను లేచి నిలబడి, రెండు చేతులూ చాపి ఆ మూట తీసుకున్నాను.