ఒక్కసారే పిలిచిన పిలుపు

దేవకుమారిని ఒకచోట కూర్చోబెట్టగలిగినవాళ్ళు అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో ఎవరూ లేరు. భర్త జయరాజు పెళ్ళయిన కొత్తలో కొంత ప్రయత్నించి, ఇక తనవల్ల కాదని ఊరుకున్నాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆవిడ వంటింట్లోనే ఉంటుంది. చర్చిలో పాట ఎత్తుకునే క్షణం దాకా కుర్చీలు జరుపుతూనే ఉంటుంది. సినిమాకి తీసుకెళితే ఇంటర్వెల్ ఎప్పుడని అడుగుతుంది. ఇక్కడి సినిమాలకి ఇంటర్వెల్ ఉండదని తెలిశాక హాలు మొహం చూడటమే మానేసింది. ఇలాంటి మనిషికి దేవుడు సరిగ్గా ఇలాంటి ఉద్యోగమే చూసిపెట్టాడు.

ఇంటికి అరగంట దూరంలో ఉన్న యూనివర్సిటీలో, స్టూడెంట్ యాక్టివిటీస్ ఆఫీసులో పని. ఆ పని ఏమిటో నర్సాపురంలో ఉన్న అక్కకి ఎన్ని ఉత్తరాలు రాసినా అర్థమయ్యేది కాదు. పాఠాలు చెప్పవు, ఫీజులు కట్టించుకోవు, మరి ఆ పిల్లలతో నీకేం పనే అని ఎదురు రాసేది. ఆవిడ అడిగిందీ నిజమే. చెప్పుకోవడానికి అందులో ఏముంది? చదరంగం క్లబ్బు వాళ్ళకి గది ఇప్పించాలి. గోడమీద పోస్టరు అంటించాలంటే ముందు ఆఫీసు ముద్ర వేయాలి. పాప్‌కార్న్ మెషీను పట్టుకెళ్ళినవాళ్ళు కడిగి తెచ్చారో లేదో చూసుకోవాలి. శుక్రవారం సాయంత్రం విదేశీ విద్యార్థులకి కాఫీలు పెట్టి, గోడకి ఆనుకుని నుంచున్నవాణ్ణి నడిమధ్యకి లాక్కురావాలి. అసలు ఉద్యోగమల్లా ఆ చివరిదే. ఊరుగాని ఊళ్ళో పిల్లలు గదుల్లో ముడుచుకుని కూర్చోకుండా చూడటం. కుదురుగా కూర్చోగలిగినవాళ్ళకి ఆ పని చేతకాదు.

1979లో పూటపనికి చేరి రెండేళ్ళకి పూర్తి ఉద్యోగి అయింది. ఆఫీసులో అందరికీ ఆవిడ ‘డెవీ’. తాళాలగుత్తి గలగలలాడితే డెవీ వస్తోందని అర్థం.

చేరిన కొత్తలోనే ఒకసారి తల బొప్పి కట్టింది. పిక్నిక్కి రానన్న ఒక అమెరికన్ అమ్మాయిని ఈవిడ మన పద్ధతిలో పిలిచింది. రానంటే మళ్ళీ పిలిచింది. పనుందంటే, పని ఎప్పుడూ ఉండేదేగా అంది. మర్నాడు హాస్టలుదాకా వెళ్ళి తలుపు కొట్టి మరీ పిలిచింది. ఆ పిల్ల తిన్నగా వెళ్ళి ఫిర్యాదు చేసింది. ఆఫీసు పెద్ద డోరతీ మంచి మనిషి. గది తలుపు వేసి మెల్లగా చెప్పింది. ఇక్కడ వద్దంటే వద్దనే అర్థమట. మళ్ళీ మళ్ళీ అడగడమంటే ఎదుటి మనిషి మాటకి విలువ లేదనడమేనట. దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది. ప్రేమగా పిలిచినా తప్పయితే ఇక మనుషుల మధ్య ఉండటం దేనికని ఇంటికొచ్చి జయరాజు మీద ఎగిరింది, ఆయనేదో చట్టం చేసినట్టు.

అయినా నేర్చుకుంది. మొండిమనిషే గాని మట్టిబుర్ర కాదు. ఒక్కసారి అడగడం, జవాబు వినడం, ‘ఓకే’ అని కదలడం. నోరు ఊరుకునేది కాదు, రెండోసారి అడగబోయి నాలుక కరుచుకునేది. కొన్నాళ్ళకి అదీ అలవాటైపోయింది. పైగా ప్రతి ఆగస్టులో కొత్తగా దిగిన మనవాళ్ళని కూర్చోబెట్టి అదే పాఠం చెప్పడం మొదలుపెట్టింది. తాను ఈ దేశానికొచ్చిన మొదటి చలికాలంలో పక్కింటావిడ కాఫీ తాగుతావా అని అడిగితే, మర్యాదకి వద్దంది. ఆవిడ సరేనని గిన్నె లోపల పెట్టేసింది. చేతులు కొంకర్లు పోతుంటే అలాగే కూర్చుని వచ్చింది. ఈ కథ చెప్పి పిల్లల్ని నవ్వించి, చివర్లో వేలు చూపించి చెప్పేది. “అమెరికావాళ్ళు అడిగితే ఫస్ట్ టైమే ఎస్ అనండి. మొహమాటపడ్డారో, పస్తే. రెండోసారి ఎవరూ అడగరు.”

1983 ఆగస్టులో ఆ కథకి అందరికంటే ఎక్కువ నవ్విన అమ్మాయి విజయశ్రీ. హన్మకొండ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చింది. బక్కపలచని పిల్ల, నోట్లోంచి మాట రావడమే గగనం. దేవకుమారి ఆ పిల్లని ఊరుకోనివ్వలేదు. ఇండియా క్లబ్బుకి సెక్రటరీని చేసింది. దీపావళి కార్యక్రమం తెరలూ దీపాలూ దాచుకోవడానికి యూనియన్ బిల్డింగులో ఒక చిన్న గది ఇప్పించి, దానిదీ బయటి తలుపుదీ తాళంచెవులు చేతిలో పెట్టింది. నవంబరు వచ్చేసరికి ఆ పిల్ల మైకు పట్టుకుని మాట్లాడింది. దేవకుమారి హాలు చివర నిలబడి చప్పట్లు కొట్టి కొట్టి చేతులు ఎర్రచేసుకుంది.

డిసెంబరు సెలవులకి హాస్టళ్ళు మూసేస్తారు. హీటింగు తగ్గించి తలుపులకి తాళాలు వేసేస్తారు. పిల్లలంతా ఎక్కడికో అక్కడికి పోవలసిందే. అమెరికన్ పిల్లలకి ఇళ్ళుంటాయి. విదేశాల వాళ్ళకి సెలవుల్లో ఎవరింట్లోనో చోటు చూడటం దేవకుమారి పని. పరీక్షల వారంలో ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. కనిపించినవాళ్ళనల్లా ఎక్కడుంటావని అడుగుతూ, కొందరిని ప్రొఫెసర్ల ఇళ్ళకి, కొందరిని తెలిసినవాళ్ళ ఇళ్ళకి సర్దుతూ తిరిగింది. ఘానా దేశపు కుర్రాడు క్వామె తన గురించి బెంగపడొద్దని నవ్వి వెళ్ళిపోయాడు. ఓకే అంది. విజయశ్రీ లైబ్రరీ మెట్లమీద ఎదురైంది.

“సెలవులకి ఎక్కడుంటావమ్మా? మా ఇంటికొచ్చెయ్యకూడదూ?”

“షామ్‌బర్గ్‌ల మా చుట్టాలున్నరు ఆంటీ. వద్దులెండ్రి, మీకెందుకు తిప్పలు.”

దేవకుమారి చేతిలో తాళాలు, భుజాన సంచి, ఇంకా కలవాల్సినవాళ్ళు ఎందరో. సరే, జాగ్రత్త అని మెట్లు దిగిపోయింది.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం పడింది. చలి అలాంటిలాంటిది కాదు. సున్నాకి ఎంతో దిగువకి పోయి, కార్లు కదలక మొరాయించాయి. తెలుగు చర్చి అంటే అప్పట్లో ఒక అమెరికన్ చర్చి కింద బేస్‌మెంటు గది. పది పన్నెండు కుటుంబాలు. ఆరాధన అయ్యాక టీలు. ఆ రోజు పొద్దుటినుంచీ దేవకుమారికి మనసు మనసులో లేదు. పాట పాడుతూ చరణం మర్చిపోయింది. స్టవ్ ఆపానా అని జయరాజుని గుచ్చి గుచ్చి అడిగింది. ఏదో మర్చిపోయాను, ఏమిటో తెలియదు. ఇల్లు తాళం వేసే ఉంది, బిర్యానీ వండే ఉంది, చర్చి పిల్లల బహుమతులు కట్టే ఉన్నాయి. అయినా కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే ఉంది.

చర్చి స్నేహితురాలు లూసీ టీ పోస్తోంది. కొడుకుని చూడటానికి గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దగ్గర ఆగింది. ఆవిడ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దులేమ్మా, నీకెందుకు శ్రమ.”

లూసీ ఆ మాట విననట్టే ఆ చెయ్యి పక్కకి జరిపి, కప్పు నిండా పోసి ముందుకి వెళ్ళిపోయింది. పెద్దావిడ ఆ టీ చివరి చుక్కదాకా తాగింది.

దేవకుమారి ఉన్నచోటే నిలబడిపోయింది. మీకెందుకు తిప్పలు. వెళ్ళడానికి నిజంగా చోటున్నవాళ్ళు ఆ మాట ఎందుకంటారు? వాళ్ళయితే పిన్ని వస్తోందంటారు, బస్సు రేపంటారు, వాళ్ళింట్లో చంటిపిల్ల ఉందంటారు. విజయశ్రీ అవేవీ చెప్పలేదు. చెప్పిందల్లా మీకెందుకు తిప్పలనే. ఆ మాటకి అర్థం పుట్టినప్పటినుంచీ తనకి తెలుసు. తెలిసీ సరే అని మెట్లు దిగివచ్చింది. అడిగింది తెలుగులో, విన్నది ఇంగ్లీషులో.

కోటు తగిలించుకుని జయరాజుతో కారు తీసుకెళుతున్నానంది. అతిథులొస్తారే అన్నాడాయన. లూసీ వాళ్ళ కారులో వెళ్ళండి, వచ్చినవాళ్ళకి తలుపు తీయడం మీకు రాదా అని అరిచి వెళ్ళిపోయింది. అరిచింది ఆయన మీద కాదని ఆయనకీ తెలుసు.

రోడ్డు గాజుపలకలా ఉంది. మెల్లగా డ్రైవ్ చేయాలని తెలుసు, కాలు వినలేదు. ఒక మలుపులో కారు జారి మంచుకుప్పకి ఆనుకుంది. వెనక్కి తీసి మళ్ళీ పోనిచ్చింది. హాస్టలు తలుపుకి తాళం. కిటికీలన్నీ చీకటి. క్యాంపస్ పోలీసులకి చెబితే వెతికిపెడతారు. కానీ మూసిన బిల్డింగులో ఉండి దొరికితే ఆ పిల్ల మీద ఏ మచ్చ పడుతుందో, వీసాకి ఏం ముప్పు వస్తుందో. చెప్పకపోతే, ఈ చలిలో? ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవటానికి కూడా నిలబడలేక యూనియన్ బిల్డింగు వైపు నడిచింది. ఆఫీసులో ఫోనుంది, షామ్‌బర్గ్‌లో ఎవరో ఒకరిని కనుక్కోవచ్చు. తన తాళంచెవితో తలుపు తీసింది.

లోపల అడుగుపెట్టగానే అన్నం ఉడుకుతున్న వాసన.

ఇండియా క్లబ్బు గది ముందు ఆగి పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. దీపావళి నాటకానికి కట్టిన ఎర్ర వెల్వెట్ తెర ఒంటినిండా చుట్టుకుని, దానిమీద కోటు వేసుకుని ఉంది విజయశ్రీ. పెదాలు నల్లబడ్డాయి. వెనక హాట్‌ప్లేటు మీద చిన్న గిన్నె. దేవకుమారి ఆ పిల్లని దగ్గరికి లాక్కుని వీపు రుద్దుతూ ఉండిపోయింది. తిట్టాలనుకుంది. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

షామ్‌బర్గ్‌లో ఉన్నది నాన్న స్నేహితుడి తమ్ముడట. ఫోన్ చేస్తే వాళ్ళు ఫ్లోరిడాకి పోతున్నామన్నారట. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదట. అదంతా తల వంచుకుని చెప్పింది.

“నాకు చెప్పొద్దూ? ఫస్ట్ టైమే ఎస్ అనాలని ఎన్నిసార్లు చెప్పానే తల్లీ?”

“అది అమెరికావాళ్ళు అడిగితే కద ఆంటీ. మీరు తెలుగుల అడిగిన్రు.” విజయశ్రీ తల ఎత్తలేదు. “మళ్ల అడుగుతరనుకున్న. మీరు మెట్లు దిగినంకగూడ కొంచెంసేపు ఆన్నే నిలబడ్డ.”

దేవకుమారి ఆ పిల్ల భుజం మీంచి జారిన తెర సర్దింది. మెల్లగా అడిగింది. “మా ఇంటికి రామ్మా.”

“ఇయ్యాల మీ పండగ గదా ఆంటీ. చుట్టాలొస్తరు.”

“మా ఇంటికి రా.”

“గిన్నె కడగలే...”

“రా.”

విజయశ్రీ హాట్‌ప్లేటు ఆపింది.

ఇంటికి చేరేసరికి అతిథులు భోజనాల దగ్గర ఉన్నారు. విజయశ్రీని హీటర్ పక్కన కూర్చోబెట్టి, దేవకుమారి కోటైనా విప్పకుండా వంటింట్లోకి పోయింది. జయరాజు బిర్యానీ గిన్నె పట్టుకుని వచ్చి, ఇంకొంచెం వేయనా అమ్మా అని అడిగాడు. చాలు అంకుల్ అంది విజయశ్రీ. సరేనని ఆయన పక్కవాళ్ళ దగ్గరికి కదిలాడు. వెనకనుంచి దేవకుమారి వచ్చి ఆయన చేతిలో గిన్నె లాక్కుని, పెద్ద గరిటెతో ఆ పళ్ళెంలో వడ్డించింది. విజయశ్రీ మారు మాట్లాడకుండా తింది. ఎంత ఆకలి మీద ఉందో చూసి దేవకుమారి ఇంకో గరిటె వేసింది.

“మీరు గూడ కూసోండ్రి ఆంటీ.”

నాకేం తొందర, మీరు కానివ్వండి అంది దేవకుమారి.

“కూసోండ్రి.”

ఇంకా పెరుగు తేవాలి అంది.

“కూసోండ్రి ఆంటీ,” అంది విజయశ్రీ మూడోసారి, పక్క కుర్చీ వెనక్కి లాగి.

దేవకుమారి కూర్చుంది. జయరాజు తింటున్నవాడల్లా తలెత్తి చూశాడు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని, కలిపి, ముద్ద చేసింది. ఆ ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. లైబ్రరీ మెట్లమీదే కాదు, పరీక్షల వారమంతా తను అందరినీ ఒక్కొక్కసారే అడిగింది. ఘానాలో పిల్లల్ని ఎన్నిసార్లు పిలుస్తారో తనకేం తెలుసు? ఎప్పుడైనా కనుక్కుందా?

“క్వామె కూడా అంతే. బెంగపడొద్దన్నాడు,” అంది ఎవరితోనో అన్నట్టు.

విజయశ్రీ తినడం ఆపింది. “మెయిన్ స్ట్రీట్ల లాండ్రీ కాడ కూసుంటున్నడు ఆంటీ. ఆడ బట్టలుతికే మిషన్లకు వెచ్చగుంటది. నిన్న నేను బోయినప్పుడు ఉండె. బట్టలు లేకున్నా ఊకెనె కూసున్నడు.”

దేవకుమారి ముద్ద పళ్ళెంలో పెట్టి లేచింది. చెయ్యి కడుక్కుని ఒక డబ్బాలో బిర్యానీ సర్దసాగింది. మంచులో కారు తను డ్రైవ్ చేస్తానని జయరాజు తాళాలు అందుకున్నాడు. కోటు గుండీలు పెట్టుకుంటూ ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, విజయశ్రీ అప్పటికే బూట్లు తొడుక్కుని నుంచుంది.

నువ్విప్పుడేగా వేడిపడ్డావు, ఉండమ్మా అంది దేవకుమారి. విజయశ్రీ వింటే కదా. రెండోసారి చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ ఆ పిల్ల మెడకి తన మఫ్లర్ చుట్టి తలుపు తీసింది.