సాంచా ఎందుకు ఆగిందో రాశాను

మా బాపు సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటాం. నేను కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను, రోజూ బస్సులో పోయి వస్తాను. ఒకసారి మా ఆఫీసుకు బాపు పనిచేసే షెడ్డు పనే వచ్చింది. ఏ సాంచా ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నది యజమాని ఫోన్‌లో చూసుకోవాలట.

అసలు ఎందుకు ఆగుతాయని బాపును అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. పోగు తెగితే అతకడానికి రెండు మూడు నిమిషాలు చాలు. కానీ ఆ మోతలో, ఆ ఉక్కలో మనిషి పన్నెండు గంటలు నిలబడలేడు. అందుకని మధ్యమధ్యలో సాంచా ఆపి చాయ్ తాగుతారు, నడుం వాలుస్తారు. యజమాని అడిగితే పోగు తెగిందంటారు. షెడ్డులో అందరూ కలిసి ఆడే అబద్ధం ఇదొక్కటే.

"ఇది మన ఇంట్లనే ఉండాలె బిడ్డా" అన్నాడు.

పది నిమిషాలలోపు ఆగితే లెక్కలోకి రాకుండా ప్రోగ్రాం రాశాను. పోగు అతికే టైమని చెబితే యజమాని ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ నాకో జబ్బుంది. ఏదైనా ఎందుకలా చేశానో కోడ్ పక్కనే రాసిపెడతాను, నా తర్వాత వచ్చినవాళ్లు తెలియక మార్చేస్తారేమోనని. ఆ రాతను కంప్యూటర్ పట్టించుకోదు, అది మనుషుల కోసమే. అక్కడ ఇలా రాశాను: "పోగు అతకడానికి ఇంతసేపు పట్టదు. చాయ్ తాగేది, నడుం వాల్చేది గీ పది నిమిషాలల్లనే. బాపు చెప్పిండు. ఎవ్వరూ మార్చొద్దు."

ఆఫీసులో నాకు పని నేర్పినాయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయనదీ సాంచాల ఇల్లే. నా రాత చదివి నవ్వాడు, తన తండ్రి కూడా అంతేనన్నాడు. ఆ నవ్వు చూసి మనవాడే అనుకున్నాను.

పని అయ్యాక ప్రోగ్రాం వివరాలన్నీ యజమానికి అప్పగించాలి. వాటిని ఇప్పుడెవరూ కూర్చుని రాయరు. కోడ్ ఫైళ్లు చదివి, పక్కనున్న రాతలు ఏరి, రంగులూ శీర్షికలూ పెట్టి వెబ్ పేజీలు తయారుచేసే టూల్ ఉంటుంది. ఒక గుర్తు పెట్టిన రాతలనే అది తీసుకుంటుంది. నా రాతకు ఆ గుర్తు కావాలనే పెట్టలేదు. అయినా మనసాగక అన్నను అడిగాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె, అది బయటికి రాదు" అన్నాడు.

వచ్చింది. పేజీలు మరీ పలచగా ఉన్నాయని యజమాని పెదవి విరిచాడట. ఆయన సంతకం పెడితేగానీ పని ముగిసినట్టు కాదు. అన్న సెట్టింగ్ మార్చి, గుర్తు లేని రాతలు కూడా వచ్చేలా చేసి మళ్లీ పంపాడు. పేజీలు మూడింతలయ్యాయి. నా నాలుగు మాటలు లేత పసుపు డబ్బాలో, 'గమనిక' అన్న శీర్షిక కింద, ఎంత అందంగా ఉన్నాయో! అన్నను అడిగితే, అన్ని రాతలు ఎవరు చదువుతారన్నాడు. ఈ ఒక్కటీ తను ముందే చదివాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

యజమాని పది నిమిషాలను రెండు చేయమన్నాడు. ఆ మార్పు కూడా నా చేతే చేయించారు. ఈ బాపు ఎవడని షెడ్డులో అందరి ముందూ అడిగితే, బాపు తనే ముందుకొచ్చి నేనేనని చెప్పాడట. ఆ రోజు నుంచి తోటివాళ్లు ఆయనతో మాట్లాడటం మానేశారు.

ఇంటికొచ్చాక తిడతాడని ఎదురుచూశాను, తిట్టలేదు. అన్న చేసిన మోసమంతా ఏకరువు పెట్టాను. చివరిదాకా విన్నాడు.

"గాయన పరాయోడు. నువ్వెందుకు రాసినవ్ బిడ్డా?"

ఇప్పుడు షెడ్డు ఎలా ఉందని అడిగితే, "మంచిగనే నడుస్తున్నది" అంటాడు. తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు ఆయన ఎప్పుడూ చెప్పే మాట అది.